బ్రూగెల్ పెళ్లి భోజనంలో ఒక్కటే కుర్చీ ఎందుకుంది?

పెన్నేటి_పడవ
మొన్న సెలవుల్లో వియన్నా వెళ్లాం. అక్కడి కళాచరిత్ర మ్యూజియంలో పీటర్ బ్రూగెల్ వేసిన రైతుల పెళ్లి భోజనం బొమ్మ ఉంది. 1567 ప్రాంతంలో వేసింది. మావాళ్లు మిగతా గదులన్నీ తిరిగొచ్చేదాకా నేను దాని ముందే నిలబడిపోయాను.

గడ్డి నింపిన కొట్టంలో భోజనాలు. తలుపు ఒకటి ఊడదీసి, దాన్నే పళ్లెంలా ఇద్దరు మోసుకొస్తున్నారు, దాని మీద గిన్నెలు. కింద మూలన ఒక చిన్నపిల్ల, టోపీ కళ్ల మీదికి జారుతున్నా పట్టించుకోకుండా గిన్నె నాకుతోంది. ఇదంతా చూశాక ఊరికే ఎవరు దేని మీద కూర్చున్నారో చూడటం మొదలుపెట్టాను. పొడుగు బల్లలు, మొరటు చెక్కలు. అంత మందిలో వీపు ఆనించుకునే కుర్చీలో ఉన్నది ఒకే ఒక్క పెద్దమనిషి. పెళ్లికూతురికి కూడా కుర్చీ లేదు.

మనం కింద కూర్చుని తినేవాళ్లం, వాళ్లు మొదటినుంచీ కుర్చీల మీద కూర్చుని తినేవాళ్లు అని చిన్నప్పటినుంచీ అనుకుంటూ వచ్చాను. తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి.

సందేహాల_సుబ్బడు
టెంట్‌హౌస్ వాడు కుర్చీలు టైముకి పంపి ఉండడు. మా అక్క పెళ్లికీ ఇదే గొడవ.

పాతపెట్టె
పడవ గారూ, రైతులు కాబట్టి లేవు అనుకుంటున్నారేమో. అదే కాలంలో ఒక మోస్తరు జమీందారు ఇంటికి వెళ్లినా దాదాపు ఇదే కనిపించేది. మధ్యయుగపు యూరప్ ఇంట్లో కూర్చోడానికి ఉన్నవి బల్ల, ముక్కాలిపీట, భోషాణం. భోషాణంలోనే బట్టలు, దానిమీదే కూర్చోవడం, ఇంటికి చుట్టం వస్తే పడక కూడా దానిమీదే. కుర్చీ ఉంటే ఒకటి ఉండేది, అది ఇంటి పెద్దది. ఆయన లేనప్పుడు ఖాళీగా ఉండేది తప్ప ఇంకొకరు కూర్చునేవాళ్లు కాదు.

మాటల్లోనే చూడండి. గ్రీకులో 'కాథెడ్రా' అంటే ఆసనం. బిషప్ ఆసనం ఏ చర్చిలో ఉంటే అది కెథీడ్రల్. ఇంగ్లిష్‌లో చెయిర్ అనే మాట పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది ఇందులోంచే. చైర్మన్ అన్నా, యూనివర్సిటీలో ఫలానా చెయిర్ అన్నా ఆ వాసన ఇంకా పోలేదు. మనం మాత్రం? 'కుర్చీ దిగడు', 'గద్దెనెక్కాడు' అన్నప్పుడు చెక్క సామాను సంగతి ఎవరికీ గుర్తురాదు.

ఫ్రెంచిలో ఒక తమాషా ఉంది. పాత మాట 'షేర్'. 15, 16 శతాబ్దాల్లో పారిస్ జనం 'ర' పలకాల్సిన చోట 'జ' పలకడం మొదలుపెట్టారు, 'షేర్' కాస్తా 'షేజ్' అయింది. ఇప్పుడు మామూలు కుర్చీని షేజ్ అంటారు. ప్రొఫెసర్ పదవికీ, చర్చిలో ఉపన్యాసం చెప్పే గట్టుకీ మాత్రం పాత 'షేర్' అనే మాటే మిగిలింది. కుర్చీ వంటింటిదాకా వచ్చేసరికి పలుకుబడి మారిన మాట దానికి అంటుకుంది, పదవి పాత మాటని వదల్లేదు.

చలికోటు
పాతపెట్టె గారు చెప్పిన దానికి పెద్ద ఉదాహరణ లండన్‌లోనే ఉంది. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో పట్టాభిషేకపు కుర్చీ. స్కాట్లాండ్ రాజులు పట్టాభిషేకానికి వాడే రాయిని 1296లో పట్టుకొచ్చి, దాన్ని కింద ఇమిడ్చేలా ఎడ్వర్డ్ 1 చేయించాడు, 1300 ప్రాంతంలో. ఓక్ కలప, అప్పట్లో మొత్తం బంగారు పూత. (రాయి 1996లో తిరిగి స్కాట్లాండ్ చేరింది.)

దగ్గరికి వెళ్లి చూస్తే మన బస్సు సీట్లే నయం. వీపు చెక్క నిండా పేర్లు చెక్కి ఉంటాయి. 18, 19 శతాబ్దాల్లో పక్కనే ఉన్న స్కూలు పిల్లలు, చూడ్డానికి వచ్చినవాళ్లు చేసిన పని. ఒకడైతే 1800 జూలై 5 రాత్రి ఈ కుర్చీలోనే పడుకున్నానని చెక్కిపెట్టాడు. రాజు జీవితంలో ఒక్కసారి కూర్చునే దాన్లో వీడు కునుకు తీశాడు.

నాలుగుకాళ్లపీట
ఒక డౌటు. గ్రీకులకి మంచి కుర్చీలు ఉండేవి కదా? కాళ్లు బయటికి వంపు తిరిగి, వీపుకి పట్టీ కూడా వంపుగా... మళ్లీ వీళ్లు భోషాణాల మీదికి ఎలా దిగజారారు?

పాతపెట్టె
ఆ కుర్చీ పేరు క్లిస్మోస్. ఏథెన్స్ మ్యూజియంలో హెగెసో అనే ఆవిడ సమాధి ఫలకం ఉంది, క్రీ.పూ. 400 దగ్గరిది. ఆవిడ ఇలాంటి కుర్చీలో కూర్చుని నగల పెట్టెలోంచి ఏదో తీసి చూసుకుంటూ ఉంటుంది. చెక్కది ఒక్కటి కూడా మనదాకా మిగల్లేదు, ఉన్నవన్నీ రాతిలో, కుండల మీది బొమ్మల్లో. రోమన్ల కాలంలో పేము అల్లినట్టు ఉండే బుట్ట కుర్చీలు కూడా ఉండేవి. జర్మనీలో ట్రియర్ దగ్గర దొరికిన రాతి పలకల మీద పంతులుగారూ పిల్లలూ ఎత్తు వీపున్న కుర్చీల్లో కూర్చుని పాఠం చదువుతుంటారు. అది రెండో శతాబ్దం చివరిది.

తర్వాత పూర్తిగా పోలేదు. నార్వేలో 834 నాటి ఓసెబర్గ్ ఓడ సమాధిలో కూడా ఒక కుర్చీ దొరికింది. ఒకటి! ఆ ఓడలో బండి ఉంది, మంచాలున్నాయి, వంట సామానుంది. కుర్చీ మటుకు ఒకటే.

రోమ్ పడిపోయాక పెద్ద కుటుంబాలు ఒకచోట స్థిరంగా ఉండటం తగ్గింది. దొరగారికి నాలుగు ఊళ్లలో నాలుగు కోటలు. ఒకచోట ధాన్యం అయిపోగానే పరివారంతో ఇంకో చోటికి. సామానంతా బండ్ల మీద. ఫ్రెంచిలో ఫర్నిచర్‌ని 'మెబ్ల్', ఇటాలియన్‌లో 'మోబిలి' అంటారు, రెంటికీ అర్థం కదిలేవి అని. అలాంటి కాపురంలో భోషాణం బండెక్కుతుంది, మడతపెట్టే స్టూల్ బండెక్కుతుంది. గుంజ లాంటి ఓక్ కుర్చీని ఎవడు మోస్తాడు?

ఉలి_బాడిశ
అందరూ హోదా హోదా అంటున్నారు. చేసేవాడి వైపునుంచి ఒక మాట చెప్తాను. మా తాత, నాన్న ఇద్దరూ వడ్రంగులు. నేను ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నా చేతికి పని మర్చిపోలేదు.

పీట చేయడం గంట పని. మందపాటి చెక్కకి మూడు బెజ్జాలు వేసి మూడు కాళ్లు దిగ్గొడితే అయిపోయె. మూడు కాళ్లే ఎందుకంటే నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడూ ఆనతాయి. నాలుగో కాలు పెడితే ఊగుతుంది. మట్టి నేల ఉన్న ఇళ్లలో ఇదే పెద్ద సంగతి.

కుర్చీకి వీపు పెట్టగానే కథ మారిపోద్ది. మనిషి వెనక్కి వాలినప్పుడల్లా ఆ బరువు అంతా సీటు, వెనక కాలు కలిసే చోట పడుతుంది. గునపంతో రాయిని పెకలించినట్టే. నేను మొదటిసారి చేసిన కుర్చీ ఆరు నెలలకే వదులైంది, మా బాబాయి భోంచేసి వెనక్కి వాలాడు, అంతే, ఇద్దరం లేపాం. వెనక కాలూ వీపు నిలువూ ఒకే కొయ్యలో తీయాలి అని నాన్న అప్పుడు చెప్పాడు. ముందే చెప్పొచ్చుగా.

ఇంగ్లండ్‌లో పాత ఓక్ కుర్చీలు చూస్తే ఇదే పద్ధతి. రంపంతో కోసేవాళ్లు కాదు, పచ్చి దుంగని చీలికలు కొట్టి ఈనె వెంబడి చీల్చేవాళ్లు. ఒక కొయ్య చివర సన్నగా చెక్కి రెండో కొయ్య బెజ్జంలో దించి, అడ్డంగా కొయ్య చీల కొడతారు. జిగురు ఉండదు. వీపులో ఉండే పలకని నాలుగు వైపులా గాడిలో వదులుగా వదిలేస్తారు, ఎందుకంటే చెక్క చలికీ వానకీ ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. బిగించేస్తే పగులుతుంది. ఈ పని చేసేవాళ్లని జాయినర్లు అనేవాళ్లు. మామూలు వడ్రంగుల సంఘం వేరు, వీళ్ల సంఘం వేరు. లండన్ జాయినర్లకి 1571లో రాజపత్రం దొరికింది. ఏ పని ఎవరిదన్న తగువు ఎక్కడిదాకా పోయిందంటే 1632లో నగర పెద్దలు కూర్చుని ఇది మీది, ఇది వాళ్లది అని పంచిపెట్టాల్సి వచ్చింది.

మూడో రకం వాళ్లు లేత్ మీద కొయ్య తిప్పి కుర్చీలు చేసేవాళ్లు, వాళ్ల సంఘానికి రాజపత్రం 1604లో వచ్చింది. వాళ్ల కుర్చీలు అన్నీ గుండ్రటి కడ్డీలే, కొన్ని మూడు కాళ్లవి, చూడ్డానికి మంచం కోళ్లన్నీ కలిపి కట్టినట్టుంటాయి. అమెరికాలో హార్వర్డ్ ప్రెసిడెంటు పట్టాల పండక్కి కూర్చునేది ఈ రకందే. పాపం ఆయన వీపు.

కట్టెలపొయ్యి
హోదా సగం నిజం అంటాను నేను. మిగతా సగం పొగ.

మధ్యయుగపు ఇంట్లో పొయ్యి హాలు నడిమధ్యలో, నేలమీద. పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి దూలాల కింద తిరుగుతూ ఏ సందులోంచో బయటికి పోతుంది. కట్టెల పొయ్యి మీద వండినవాళ్లకి చెప్పక్కర్లేదు, నిలబడితే కళ్లు మండుతాయి, పీట మీద కూర్చుంటే బాగానే ఉంటుంది. కాబట్టి పొట్టి పీటలు, పొట్టి బల్లలు. ఎత్తు కుర్చీ తెచ్చి అందులో వేస్తే తల పొగలో ఉంటుంది. ఇంకోటి, తినే బల్లలు కూడా విడి చెక్క కాళ్ల మీద పరిచిన పలకలే, తినగానే విప్పి గోడకి ఆనించేవాళ్లు. రాత్రి అదే నేల మీద పడక. ఆ హాల్లో పది కుర్చీలు ఎక్కడ పెడతారు?

ఇంగ్లండ్‌లో ఎసెక్స్ వైపు ఒక పల్లెటూరి చర్చిలో ఫాదర్‌గా ఉన్న విలియం హారిసన్ 1577లో రాశాడు. ఊళ్లో ముసలివాళ్లు తమ కాలంలో మారిపోయాయని చెప్పిన వాటిలో మొదటిది పొగగొట్టాలు పెరగడం. రెండోది పరుపులూ దిండ్లూ. మూడోది చెక్క పళ్లేలు పోయి సత్తువి రావడం. ఆ లిస్టులో కుర్చీ లేదు చూడండి. అప్పటికింకా ఇంటింటికీ రాలేదు. పొగగొట్టం వచ్చాక ఇల్లు గదులుగా విడిపోయింది, గదికి గోడ పక్కన పొయ్యి వచ్చింది, దాని పక్కకి కుర్చీ వచ్చింది. ఇదీ నా లెక్క.

పాతపెట్టె
పొయ్యి గారూ, ఒప్పుకుంటున్నాను, కానీ సగానికి సగం ఇవ్వను. పొగగొట్టం వచ్చిన ఇంట్లో కూడా మొదట్లో కుర్చీ ఒకటే ఉండేది కదా.

మీ పొయ్యి వాదానికి పనికొచ్చేది నేనే ఇస్తాను. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ల దగ్గర మెరోడ్ అనే పేరుతో ఒక మూడు పలకల బొమ్మ ఉంది, 1430 చుట్టుపక్కల వేసింది, ఫ్లాండర్స్‌ది. అందులో మేరీమాత బల్ల మీద కాదు, బల్లకి ఆనుకుని కింద కూర్చుని పుస్తకం చదువుతోంది. బల్ల వెనక పొయ్యి. ఆ బల్లకి వీపు అటూ ఇటూ తిరుగుతుంది! చలికాలం మంటకేసి మొహం పెట్టాలంటే వీపుని ఇటు తోస్తారు, ఎండాకాలం అటు తోస్తారు. అంత తెలివైన పనివాళ్లు కుర్చీ చేయలేక మానుకోలేదు.

అలాగే లండన్‌లో ఉన్న ఆర్నొల్ఫీని దంపతుల బొమ్మ, 1434. బాగా డబ్బున్న వ్యాపారి. గది వెనకాల మంచం పక్కన ఎత్తు వీపు కుర్చీ ఒకటి, పైన సెయింట్ మార్గరెట్ బొమ్మ చెక్కి. ఒక్కటే.

సందేహాల_సుబ్బడు
అంటే యూరప్ అంతా వెయ్యేళ్లు వీపు ఆనించకుండా బతికిందా? ఎవరికీ నడుం నొప్పి రాలేదా?

చలికోటు
వచ్చింది, రాసిపెట్టాడు కూడా. సర్ జాన్ హారింగ్టన్ అని, మొదటి ఎలిజబెత్ రాణికి వరసకి కొడుకు, అంటే ఆయన జ్ఞానస్నానానికి ఆవిడ జ్ఞానతల్లి. 1590ల చివర్లో కోటలో కూర్చునే ఏర్పాట్ల మీద పెద్ద ఫిర్యాదు చేశాడు. ఇద్దరు బలమైన మనుషులు కలిసినా కదపలేని బల్లలు, గట్టి చెక్క స్టూళ్లు. ఇదివరకు దూది కూరిన బుడగ లాగుల ఫ్యాషన్ ఉండేది కాబట్టి సరిపోయింది, ఆ ఫ్యాషన్ పోయాక ఇక వీటి మీద కూర్చోలేకపోతున్నాం అని ఆయన గోడు. అంటే అప్పటిదాకా మెత్త కుర్చీకి లేదు, మనిషి లాగులో ఉంది.

ఇదే హారింగ్టన్ నీళ్లతో కడిగే మరుగుదొడ్డి కనిపెట్టి దాని మీద 1596లో పుస్తకం వేశాడు. ఆసనాల మీద ఆయనకున్న శ్రద్ధ అలాంటిది.

ఆ తర్వాత కొద్దికాలానికే, 17వ శతాబ్దం మొదట్లో, చేతుల్లేని కుర్చీ వచ్చింది. దాన్ని అప్పట్లో కుర్చీ అనలేదు, 'బ్యాక్ స్టూల్' అన్నారు. వీపున్న స్టూల్ అని! కుర్చీ అంటే చేతులుండాలి, పెద్దాయన కూర్చోవాలి, ఆ పేరు వీటికి ఇవ్వడానికి మనసొప్పలేదన్నమాట. కానీ డజన్ల లెక్కన భోజనాల బల్ల చుట్టూ చేరినవి ఇవే.

నాలుగుకాళ్లపీట
ఇది చదివాక ఫ్రాన్స్ రాజుల వెర్సాయ్ కోట గుర్తొచ్చింది. లూయీ 14 దర్బారులో చేతుల కుర్చీ, వీపున్న కుర్చీ, స్టూల్ అని మెట్లు ఉండేవి. చేతుల కుర్చీ రాజుకీ రాణికీ. డచెస్‌లకి రాణి ఎదుట వీపూ చేతులూ లేని చిన్న స్టూల్ మీద కూర్చునే హక్కు, దాని పేరు 'టబురే'. మిగతా ఆడవాళ్లు నిలబడాల్సిందే, ఎన్ని గంటలైనా. ఫలానా ఆవిడకి టబురే దొరికింది అంటే పదవి దొరికినట్టు. ఇంగ్లండ్ సింహాసనం పోగొట్టుకుని జేమ్స్ 2 ఫ్రాన్స్‌కి పారిపోయి వస్తే, లూయీ ఆయనకి చేతుల కుర్చీ వేయించాడు. అంటే నిన్ను ఇంకా రాజుగానే చూస్తున్నా అని. ఒక్క మాట మాట్లాడకుండా చెప్పేశాడు.

మా ఊళ్లో తాతగారి పడక కుర్చీలో మేం కూర్చుంటే వీపు విమానం మోత మోగేది. వెర్సాయ్‌లో పుట్టాల్సినాయన.

వేపచెట్టు_నీడ (నిర్వాహకులు)
తాతల కథలు వేరే దారంలో పెట్టుకోండి, ఇక్కడ నలభై పోస్టులు అవే అవుతాయి. కుర్చీ దగ్గరే ఉందాం.

మసులా_మల్లి
మరి అసలు సంగతికి ఇంకా ఎవరూ రాలేదే! ఆ కుర్చీల్లో కొన్ని మన తీరంలోవి.

ముందు పేము సంగతి. 1660ల్లో ఇంగ్లండ్‌లోకి పేము అల్లిన కుర్చీలు వచ్చాయి. పేము ఆగ్నేయాసియా అడవులది, ఈస్టిండియా కంపెనీ ఓడల్లో దిగేది. తేలిక, చవక. ఉన్ని గుడ్డ పరిచిన కుర్చీలు అమ్ముకునేవాళ్ల వ్యాపారం దెబ్బతిని, వీటిని ఆపండని పార్లమెంటుకి మొరపెట్టుకున్నారు. పేము కుర్చీలవాళ్లు ఎదురు అర్జీ పెట్టారు: మావి మన్నుతాయి, దుమ్ము పట్టవు, పురుగులు చేరవు, వాళ్లవైతే చిమటలు పట్టి పక్కనున్న సామాను కూడా పాడవుతుంది అని. మూడొందల ఏళ్ల కిందటి యాడ్! నా దృష్టిలో యూరప్‌లో మామూలు ఇళ్లకి కుర్చీ చేరడానికి రాజులూ పొగగొట్టాల కంటే ఈ పేమే ఎక్కువ పని చేసింది.

రెండోది ఇంకా బాగుంటుంది. హొరేస్ వాల్‌పోల్ అని 18వ శతాబ్దపు పెద్దమనిషి, లండన్ పక్కన స్ట్రాబెరీ హిల్ అని పాతకాలపు కోటలా ఇల్లు కట్టుకున్నాడు. దానికి తగ్గట్టు పాత కుర్చీలు కావాలి. నల్లటి ఎబొనీ కలపవి, మెలితిప్పిన కడ్డీలతో, పువ్వులూ లతలూ చెక్కినవి ఏరి ఏరి కొన్నాడు. అవి 16వ శతాబ్దపు ట్యూడర్ రాజుల కాలంవని ఆయన నమ్మకం. అలాంటివే ఈషర్ అనే చోట, ట్యూడర్ రాజు హెన్రీ 8 దగ్గర మంత్రిగా చేసిన కార్డినల్ వుల్సీ ఉన్న ఇంట్లో కనిపించడంతో ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. చూసినవాళ్లందరూ నమ్మారు, వందేళ్లకి పైగా నమ్మారు.

తీరా చూస్తే అవి 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరంలో డచ్చివాళ్లకీ మిగతా యూరోపియన్లకీ చేసిపెట్టినవి. ఎబొనీ కూడా మన తునికాకు చెట్టు జాతే. ఇంగ్లిష్ రాజుల కాలపు సొంత కుర్చీ అని దేన్ని చూసి మురిసిపోయారో అది మనవైపు పనివాళ్ల చేతిది.

ఇక విశాఖపట్నం దంతపు పని. అక్కడ చేసిన ఏనుగు దంతం తాపడం కుర్చీలు, మీద సన్నగా గీతలు చెక్కి నల్ల లక్క నింపినవి, మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంగ్లండ్ పట్టుకెళ్లాడు. ఆయన సామాను 1781లో అమ్మకానికి వస్తే జార్జ్ 3 కొని షార్లెట్ రాణికి ఇచ్చాడు. ఇప్పటికీ రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి.

ఉలి_బాడిశ
మల్లి గారూ, ఎబొనీ మీద ఉలి ఎలా దిగుతుందో తెలుసా? ఇనుములా ఉంటుంది. నాలుగు దెబ్బలకోసారి నూరుకోవాలి. మెలితిప్పిన కడ్డీ దాంతో తీశారంటే వాళ్లకి దండం. ఒక్కరి పేరు కూడా మిగల్లేదు చూడండి, కొన్నాయన పేరు మాత్రం మిగిలింది.

కట్టెలపొయ్యి
పేము వాదన గట్టిదే. కానీ పల్లెటూళ్లకి పేము పోలేదు. అక్కడ మన తుంగ లాంటి గడ్డి పురి పేని సీటు అల్లుకున్నారు. కొయ్యకి డబ్బు పెట్టాలి, గడ్డి చెరువులో ఉచితం.

పాతపెట్టె
ఒక చిన్న మాట చేర్చి ఊరుకుంటాను. మన 'కుర్చీ' మనకి ఉర్దూ నుంచి వచ్చింది, దానికి అరబ్బీ 'కుర్సీ' మూలం. ఇంకా వెనక్కి పోతే బాబిలోన్‌లో మాట్లాడిన అక్కడియన్‌లో 'కుస్సు'. అక్కడ దానికి అర్థం కుర్చీ అనీ, సింహాసనం అనీ.

పెన్నేటి_పడవ
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. రాత్రి బొమ్మని పెద్దది చేసుకుని మళ్లీ చూశాను. ఇప్పుడు ఇంకో టెన్షన్ పట్టుకుంది. కుడివైపు చివర నల్లబట్టల్లో, నడుముకి కత్తి కట్టుకుని ఒకాయన ఉన్నాడు, సన్యాసితో మాట్లాడుతూ. ఊరి దొర అంటారట. ఆయన కూర్చున్నది తిరగేసిన తొట్టి మీద! కుర్చీ హోదాకి గుర్తు అయితే దొరకి తొట్టి ఏంటి?

పాతపెట్టె
మంచి ప్రశ్న. కుర్చీలో ఉన్నాయన్ని కొందరు పెళ్లికూతురి తండ్రి అంటారు, కొందరు పెళ్లి పత్రం రాసే నోటరీ అంటారు. తండ్రే అయితే ఇల్లు ఆయనది, కుర్చీ ఆయనది, చుట్టపుచూపుగా వచ్చినవాడు దొరైనా దొరికిన దాని మీద సర్దుకుంటాడు. నోటరీ అయితే నా వాదన కొంచెం కుంటుతుంది.

కట్టెలపొయ్యి
కుంటనీయండి, ముక్కాలిపీట అయితే కుంటేది కాదు.

సందేహాల_సుబ్బడు
నేనూ ఇప్పుడే జూమ్ చేసి చూశా. తలుపు మోస్తున్న ఆ ఎర్రచొక్కా వాడి దగ్గర పాదాలు లెక్కపెట్టండి. ఒకటి ఎక్కువుంది.

పెన్నేటి_పడవ
మూడుసార్లు లెక్కపెట్టాను. ఉంది.